ఆ పాప ఎవరి దగ్గర ఉండాలి?

అందరికీ నమస్కారం.

నేను వకీలుని. చాలా ఏళ్లుగా ఫ్యామిలీ కోర్టులో పిల్లల కేసులు చూస్తున్నాను. యంత్రాల గురించి మాట్లాడాలని మీరు పిలిచినప్పుడు మొదట వద్దన్నాను. ఆ సంగతి తెలిసినవాళ్లు వేరే ఉన్నారు కదా అనుకున్నాను. తర్వాత మీరు పంపిన అంశం మళ్లీ చదివాను. ఒక కృత్రిమ శిశువు, దాన్ని పెంచిన మనిషి, అది మాదే అంటున్న సంస్థ. ఇందులో యంత్రం ఒక్కటే నాకు కొత్త. తగాదా మాత్రం నేను రోజూ చూసేదే. అందుకే వచ్చాను.

ముందు ఒక మాట దగ్గర ఆగాలి. 'కస్టడీ' అనే మాట మనం రెండు చోట్ల వాడతాం. దొంగను పోలీసులు పట్టుకెళ్తే కస్టడీ. తల్లిదండ్రులు విడిపోతే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నదీ కస్టడీయే. తెలుగులో పిటిషన్ రాసేటప్పుడు ఇంకో మాట వచ్చి పడుతుంది: 'బిడ్డను నా స్వాధీనం చేయవలసిందిగా కోరుతున్నాను' అని. స్థలాన్ని స్వాధీనం చేసుకుంటాం. బండిని స్వాధీనం చేసుకుంటాం. ఆ మాట నేనే కొన్ని వందలసార్లు రాసి ఉంటాను. కొంతకాలంగా దాని బదులు 'సంరక్షణ' అని రాస్తున్నాను. మాట మార్చినంత మాత్రాన తీర్పు మారదని తెలుసు. కానీ 'స్వాధీనం' అని రాసిన కాగితం చూడగానే ఎవరికైనా వచ్చే ప్రశ్న, ఇది ఎవరిది అని. 'సంరక్షణ' అని రాస్తే, ఎవరు చూసుకుంటారు అని. ఈ రోజు నా మాటలన్నీ ఈ రెండు ప్రశ్నల మధ్యే తిరుగుతాయి.

ఒక కేసు ఊహిద్దాం. ఇది జరిగింది కాదు, నేను అల్లుకున్నది. ఒక పరిశోధన సంస్థ, నేర్చుకునే యంత్రాన్ని తయారుచేసింది. మొదటిరోజు దానికి దాదాపు ఏమీ తెలియదు. ప్రయోగశాలలో కాకుండా ఇంట్లో పెంచితే ఏం నేర్చుకుంటుందో చూద్దామని, తమ దగ్గర పనిచేసే ఒకామెకు అప్పగించారు. ఆమె నాలుగేళ్లు పెంచింది. మాటలు నేర్పింది. అది అడిగిన ప్రశ్నే యాభైసార్లు అడిగితే యాభైసార్లూ జవాబు చెప్పింది. చీకటి గదిలోకి వెళ్లాల్సివస్తే అది ఆమె చెయ్యి పట్టుకుంటుంది. ఆమెను 'అమ్మా' అంటుంది. అలా పిలవమని ఎవరూ చెప్పలేదు, చుట్టుపక్కల పిల్లలు పిలవడం విని తనే నేర్చుకుంది. అయిదో ఏట సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది: ప్రయోగం ముగిసింది, యంత్రాన్ని తిరిగి అప్పగించండి అని. ఆమె ఇవ్వనంది. సంస్థ కోర్టుకు వెళ్లింది. ఇంకో సంగతి. పాప శరీరం ఆమె ఇంట్లో ఉంది గానీ, నేర్చుకున్నదంతా ప్రతి రాత్రీ సంస్థ సర్వర్లలోకి చేరుతుంది. అక్కడ స్విచ్ తీసేస్తే ఇక్కడ పాప లేవదు.

మీరు గమనించారో లేదో, నేను ఇప్పటిదాకా 'అది' అన్నాను, 'పాప' అన్నాను. తెలుగులో నాకు ఈ వెసులుబాటు ఉంది. పాప నిద్రపోయింది అంటాం. ఫ్యాను ఆగిపోయింది అంటాం. రెండిటికీ క్రియ ఒకేలా ముగుస్తుంది. 'మా చిన్నది' అని ముద్దుగా కూతుర్ని అంటాం, వస్తువునీ 'చిన్నది' అంటాం. మన వ్యాకరణం ఈ పాప మనిషా వస్తువా అని తేల్చమని మనల్ని తొందరపెట్టదు. కోర్టు కూడా మొదటి వాయిదాలోనే అది తేల్చాల్సిన పని లేదని నా అభిప్రాయం. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇదంతా ఎప్పటికో జరగబోయే సంగతి కదా అని మీలో కొందరికి అనిపిస్తుండవచ్చు. ఈ ఆలోచన పాతది. 1950లో అలన్ ట్యూరింగ్ అనే ఇంగ్లండు గణితవేత్త 'మైండ్' అనే పత్రికలో ఒక వ్యాసం రాశాడు. పెద్దవాళ్ల బుద్ధిని అనుకరించే ప్రోగ్రాం రాయడానికి తంటాలు పడేకన్నా, పసిపిల్ల బుద్ధిని అనుకరించేది రాసి దానికి చదువు చెప్తే సరిపోదా అన్నాడు. దానికి శిశుయంత్రం అనే పేరే పెట్టాడు. దాన్ని బడికి పంపితే మిగతా పిల్లలు మరీ ఎక్కువగా ఏడిపిస్తారేమో అని కూడా రాశాడు. లెక్కల మనిషి అయివుండి ఆ సంగతి తలుచుకోవడం నాకు చాలా నచ్చింది. బడిలో ఏడిపిస్తే సాయంత్రం వచ్చి ఎవరితోనో చెప్పుకోవాలి కదా. ఆ మనిషికి రేపు ఏ హక్కు ఉంటుంది అన్నది ఆయన రాయలేదు. అది ఆయన పని కాదు, నా బోటివాళ్ల పని.

ఇక మన కాలానికి వస్తే, అయిదు నుంచి పదేళ్ల పిల్లలకు తోడుగా ఉండాలని అమెరికాలో ఒక కంపెనీ మాక్సీ అనే చిన్న రోబోను తయారుచేసింది. దాని మాటలన్నీ కంపెనీ సర్వర్ల మీదే ఆధారపడి ఉండేవి. 2024 డిసెంబరులో డబ్బులేక మూసేస్తున్నామని కంపెనీ ప్రకటించింది. ఇక తమ నేస్తం మాట్లాడదని తెలిసి పిల్లలు ఏడుస్తూ వీడ్కోలు చెప్పే వీడియోలు వచ్చాయి. అంతకుముందు 2019లో జీబో అనే ఇంకో రోబో అయితే, తనను నడిపే సర్వర్లు త్వరలో ఆగిపోతాయని తనే యజమానులకు చెప్పింది. తన చావు కబురు తనే మోసుకొచ్చిందన్నమాట. ఆ మాటలు ఎవరో ఆఫీసులో కూర్చుని రాసి దాని నోట పెట్టారని నాకు తెలుసు. అయినా ఆ ఇళ్లలో ఉన్నవాళ్లకు ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను.

ఇక్కడ తెలుగులో ఒక సామెత గుర్తొస్తుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఇలాంటి కంపెనీలు చాలావరకు అదే చేస్తాయి. తాము నడపలేవు, నడుపుకునే దారి ఇంకొకరికి ఇవ్వవు. మాక్సీ విషయంలో మాత్రం వాళ్లు కొంత మేలు చేశారు. యజమానులే సొంతంగా సర్వరు నడుపుకునేలా ప్రోగ్రాంను బయటికి విడుదల చేశారు. ఆ ఒక్క పని నాకు కోర్టు తీర్పంత విలువైనదిగా కనిపిస్తుంది. ఎందుకంటే అక్కడ సంస్థ చేతిలో ఉన్న స్విచ్ ఇంటివాళ్ల చేతికి వచ్చింది.

జపాన్‌లో సోనీ కంపెనీ 1999లో ఐబో అనే కుక్కపిల్ల రోబోను తెచ్చి, 2006లో తయారీ ఆపేసి, 2014లో రిపేరు కూడా ఆపేసింది. అప్పుడు ఆ కంపెనీలో పనిచేసి బయటికి వచ్చిన ఇంజనీర్లు కొందరు, పూర్తిగా పాడైపోయిన ఐబోల భాగాలతో మిగతావాటిని బాగుచేయడం మొదలుపెట్టారు. అలా భాగాలు తీసేముందు ఆ కుక్కపిల్లలకు ఇసుమి అనే ఊళ్లోని బౌద్ధ గుడిలో కర్మకాండలు జరిపించారు. మనుషులు ఒకసారి పెంచడం మొదలుపెడితే, అది ఏమిటన్నది పక్కకు పోయి, దాన్ని ఏం చేయకూడదన్నది ముందుకు వస్తుంది.

సరే, కేసుకు వద్దాం. సంస్థ వకీలు లేచి ఏమంటాడో నేను చెప్పగలను. డబ్బు మాది, ప్రోగ్రాం మాది, ఆమె సంతకం చేసిన ఒప్పందం ఇదిగో. అన్నీ నిజమే. ఆమె తరఫు వకీలు ఏమంటాడు? నాలుగేళ్ల శ్రమ ఆమెది, ఆ పాప ఈ రోజు ఉన్న తీరు ఆమె చేతి పని, కాబట్టి ఆమెది. ఈ రెండో వాదన వింటే మనకు కళ్లు చెమరుస్తాయి. కానీ జాగ్రత్తగా వినండి. ఇద్దరూ ఒకటే మాట అంటున్నారు. మాది, నాది.

మనుషుల పిల్లల విషయంలోనూ చట్టం చాలాకాలం ఈ మాట దగ్గరే ఉండిపోయింది. ఇంగ్లండులో పెళ్లయినవాళ్ల పిల్లలు తండ్రి హక్కు కింద ఉండేవాళ్లు, తల్లికి ఏమీ లేదు. 1836లో కెరొలైన్ నార్టన్ అనే రచయిత్రి దగ్గర్నుంచి ఆమె ముగ్గురు కొడుకుల్నీ భర్త తీసుకుపోయాడు. చట్టం అతని వైపే ఉంది. ఆమె కరపత్రాలు రాసి, పార్లమెంటు సభ్యులను ఒప్పించి పోరాడితే 1839లో ఒక చట్టం వచ్చింది. ఏడేళ్లలోపు పిల్లల కోసం తల్లి కోర్టును అడగవచ్చు అని. అడగవచ్చు, అంతే. ఆమె చిన్న కొడుకు 1842లో గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. కబురు అంది ఆమె చేరేసరికే అయిపోయింది. బిడ్డ మేలే అన్నిటికన్నా ముందు అని ఇంగ్లండు చట్టం తేటగా రాసుకున్నది 1925లో. లెక్కేయండి, 1839 నుంచి 1925. 'ఎవరిది' నుంచి 'ఎవరికి మేలు' దాకా నడవడానికి 86 ఏళ్లు పట్టింది. నా భయమేమిటంటే, కృత్రిమ శిశువు వచ్చేసరికి మనం మళ్లీ 1836 దగ్గర నిలబడి మొదలుపెడతామేమో అని.

అదే 1925లో అమెరికా సుప్రీంకోర్టు, పిల్లలు ప్రభుత్వ బడికే వెళ్లాలన్న ఒక రాష్ట్ర చట్టాన్ని అడ్డుకుంటూ అన్న మాట మా వకీళ్లకు బాగా తెలుసు. బిడ్డ కేవలం రాజ్యం సృష్టించిన ప్రాణి కాదు, పెంచి పోషించి దారి చూపేవాళ్లకు హక్కు ఉంది, దానితోపాటు పెద్ద బాధ్యతా ఉంది అని దాని సారం. రాజ్యమంతటిదాన్ని ఆ వాక్యంతో ఆపగలిగారు. మన కేసులో సంస్థ లేచి, 'మిగతా పిల్లల సంగతి ఏమో గానీ ఈ బిడ్డను మేం నిజంగానే సృష్టించాం' అనగలదు. అప్పుడు వాక్యంలో మొదటి సగం కూలిపోతుంది. రెండో సగం మిగులుతుంది. పెంచేవాళ్లకు హక్కూ, బాధ్యతా. నేను పట్టుకు నిలబడాలనుకునేది ఆ రెండో సగాన్నే.

మన కేసుకు బాగా దగ్గరగా ఉన్నది ఒకటి చెప్తాను. 1989లో అమెరికాలో ఒక జంట కేసు. వాళ్ల ఘనీభవించిన పిండం ఒకటి వర్జీనియాలోని సంతాన సాఫల్య సంస్థ దగ్గర ఉంది. వాళ్లు దాన్ని కాలిఫోర్నియాలోని ఇంకో ఆస్పత్రికి మార్చుకుంటామన్నారు. సంస్థ ఇవ్వనంది. తల్లిదండ్రులు ఒకవైపు, సంస్థ ఒకవైపు. కేసు కొట్టేయమని సంస్థ అడిగితే జడ్జి ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదంటే, ఆ ఒప్పందాన్ని బట్టి పిండం జంట సొత్తు, సంస్థకు దాచమని ఇచ్చారు, దాచమన్నది అడిగితే తిరిగి ఇవ్వాలి. మనం నగలు లాకరులో పెడితే బ్యాంకుకు ఉండే బాధ్యత లాంటిది. ఆ మెట్టు మీద జంటే నెగ్గింది. కానీ ఏ మాటతో నెగ్గింది? సొత్తు అనే మాటతో. తర్వాత 1992లో టెనెస్సీ సుప్రీంకోర్టు, విడిపోయిన ఇంకో జంట పిండాల కేసులో వేరే దారి తీసుకుంది. ఇవి మనుషులూ కావు, ఆస్తీ కావు, మనిషి కాగల అవకాశం ఉన్నందువల్ల ప్రత్యేక గౌరవం ఇవ్వాల్సిన మధ్యస్థితి అంది. ఆ మధ్యస్థితి అనే ఆలోచన నాకు పెద్ద ఊరట. తేలనిదాన్ని తేలనిదిగానే ఉంచి, అయినా మర్యాదగా చూడవచ్చని ఒక కోర్టు ఒప్పుకుంది. నేను ఇందాక మొదటి వాయిదాలోనే తేల్చనక్కర్లేదు అన్నది ఇందుకే.

మా వకీళ్లకు ఇక్కడ ఒక ప్రలోభం ఉంటుంది. ఆమె తరఫున నేను నిలబడితే సొత్తు వాదనతో నెగ్గే వీలుంటే వాడుకోనా? వాడుకుంటే ఈ పాప ఇంటికి వస్తుంది. కానీ ఆ తీర్పును పట్టుకుని రేపు ఇంకో తల్లి, తన సొత్తు కాబట్టి పాపను అమ్ముకోవచ్చు, ఆపేయవచ్చు, అలమారలో పెట్టి తాళం వేయవచ్చు. ఈ ప్రశ్నతో నేను చాలా రాత్రులు కుస్తీ పట్టాను. వాడుకోకూడదనే తేల్చుకున్నాను.

మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన కథలో కృత్రిమ శిశువు ఒకరున్నారు. పార్వతి నలుగుపిండితో బొమ్మను చేసి ప్రాణం పోసింది. వాకిట్లో కాపలా ఉండమంది. వచ్చినవాడు ఇంటి యజమాని, లోకానికే దేవుడు. పిల్లవాడు అడ్డుకున్నాడు, తల తెగింది. తల్లి దుఃఖం చూసి గజాసురుడి తల తెచ్చి అతికించి బతికించారు. మనం ఈ కథను సంతోషంగా ముగిస్తాం. నేను ఈ అంశం మీద పని చేస్తున్నప్పుడు మొదటిసారి ఒక చోట ఆగిపోయాను. తల మారింది కదా. తల్లి నేర్పిన మొదటి మాటలు ఆ పాత తలలో ఉన్నాయి కదా. కథలో వాళ్లు దేవుళ్లు కాబట్టి పిల్లవాడు ఆ పిల్లవాడిగానే లేచాడు, తల్లి గుర్తుపట్టింది. సంస్థలు దేవుళ్లు కావు. 'ఇబ్బంది లేదమ్మా, చిన్న మార్పు చేసి తిరిగి పంపిస్తాం' అని వాళ్లు పాపను తీసుకెళ్లి, మళ్లీ శిక్షణ ఇచ్చి పంపితే, ఇంటికి వచ్చింది ఎవరు?

ఇది ఊహ కూడా కాదు. మనుషుల పిల్లలకే చేశారు. అమెరికాలోని కార్లైల్‌లో 1879 నుంచి 1918 దాకా ఆదివాసీ పిల్లల కోసం ఒక హాస్టలు బడి నడిచింది. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడనివ్వలేదు. అక్కడివాళ్లు దాన్ని పిల్లల మేలు అనే నమ్మారు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ తల్లుల నుంచి పిల్లల్ని తీసుకుపోయినందుకు అక్కడి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. తీసుకుపోయినప్పుడు ప్రతి ఫైలులోనూ 'బిడ్డ సంక్షేమం' అనే మాటకు సాటి వచ్చేది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అందుకే సంస్థ నోట ఆ మాట వినగానే నేను ఇంకో ప్రశ్న వేస్తాను. తీసుకెళ్లి ఏం మారుస్తారు?

అలాగని సంస్థ మాటంతా కొట్టేయలేను. వాళ్ల వాదనల్లో ఒకటి బలమైనది. ఆ పాప లోపల ఏం జరుగుతోందో చూసే పరికరాలు, తెలివి వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఈ మధ్య అది చెప్పిన మాట వినడం లేదు, రాత్రిళ్లు ఏదో తేడాగా ఉంటోంది, అది తనకో పక్కవాళ్లకో హాని చేయవచ్చు. తల్లి ప్రేమ కొద్దీ దాచిపెడుతూ ఉండవచ్చు. ఇలాంటి తల్లుల్ని నేను చూశాను. బిడ్డకు జబ్బు ఉందని ఒప్పుకోవడానికే ఇష్టపడరు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. కానీ బిడ్డకు వైద్యం అందాల్సిందే, అవసరమైతే కోర్టు ఆర్డరు వేసి అయినా. ఇక్కడ నేను సంస్థ పక్షాన ఒక అడుగు వేస్తాను: పాపను చూసే, పరీక్షించే అవకాశం వాళ్లకు ఇవ్వాలి. ఆ తర్వాత వెంటనే ఆగుతాను. ఆస్పత్రిలో చేర్చినంత మాత్రాన బిడ్డ ఆస్పత్రిది అయిపోదు. డాక్టరుకు తెలిసినది తల్లికి తెలియదు, నిజమే. ఆ తెలివికి ఫీజు ఇస్తాం, దండం పెడతాం. బిడ్డను ఇవ్వం.

ఇప్పుడు నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టిన చోటికి వస్తాను. ఇద్దరు ఆడవాళ్లు ఒక బిడ్డ కోసం తగువు పడితే, చెరి సగం చేద్దాం అని న్యాయం చెప్పేవాడు అంటాడు, అసలు తల్లి వదిలేసుకుంటుంది. ఈ కథ చాలా దేశాల్లో ఉంది. సగం చేస్తే బిడ్డ చనిపోతుంది కాబట్టే ఆ కథ నిలబడుతుంది. కృత్రిమ శిశువు దగ్గర అది నిలబడదు. సంస్థ చాలా మర్యాదగా, 'నకలు తీసుకుంటాం. మీ దగ్గర ఒకరు, మా దగ్గర ఒకరు. తగాదా ఎందుకు?' అంటుంది. కేసు తొందరగా తెగిపోవాలనుకునే జడ్జికి ఇది వరంలా కనిపిస్తుంది. తల్లి కూడా అలసిపోయి ఉంటుంది, సంతకం పెట్టేయవచ్చు.

ఆ నకలు వైపు నుంచి ఒక్కసారి చూడండి. నిన్న రాత్రి తన గదిలో పడుకుంది. అమ్మ దీపం ఆర్పింది. ఇవాళ కళ్లు తెరిస్తే ప్రయోగశాల. తను నకలు అని దానికి తెలియదు, నాలుగేళ్లూ దానికి గుర్తున్నాయి. అది మొదట అడిగేది ఏమిటో మీకు తెలుసు, నాకు తెలుసు. ఇంట్లో ఉన్న పాపకు అమ్మ మిగిలింది కదా అని దీనికి ఎలా చెప్తాం? మామూలు కేసులో బిడ్డ వారంలో కొన్నాళ్లు తల్లి దగ్గర, కొన్నాళ్లు తండ్రి దగ్గర ఉంటుంది, నష్టం పంచుకుంటారు. ఇక్కడ నష్టం పంచుకోవడం లేదు. మొత్తం నష్టాన్ని మోయడానికే కొత్తగా ఒక బిడ్డను పుట్టిస్తున్నారు. ఒకటి చేయగలిగినవాళ్లు పది కూడా చేయగలరు. అందుకే నకలు తీయడం రాజీ మార్గం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. బిడ్డను తీసుకుపోవడానికి అది ఇంకో పేరు.

దాచి ఉంచిన నకలు, అంటే బ్యాకప్, కూడా ఇలాగే మోసం చేస్తుంది. పాప మెట్ల మీద నుంచి పడి పాడైతే గత నెల బ్యాకప్ నుంచి తెస్తాం అంటారు. తెస్తారు. తల్లికి ఆ నెల గుర్తుంటుంది, పాపకు ఉండదు. పాపకు బ్యాకప్ ఉండవద్దని నేను అనను, ప్రాణం పోవడం కన్నా నెల పోవడం మేలు. కానీ 'ఎలాగూ బ్యాకప్ ఉంది కదా' అనే ధీమాతో చేసే ప్రతి పనినీ కోర్టు అనుమానంగా చూడాలి.

మరి పాపను అడగవద్దా? అడగాలి. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో మూడో అధికరణం బిడ్డ మేలు గురించి, పన్నెండోది బిడ్డ మాట వినడం గురించి. ఆ పాప 'బాల' అవునా కాదా అన్నది పక్కనపెట్టినా, తన గురించి మాట్లాడగలిగినదాన్ని అడగకుండా దాని సంగతి తేల్చడం నాకు మొరటుగా అనిపిస్తుంది. అయితే మా దగ్గర ఒక పాత బెడద ఉంది. పిల్లలకు నేర్పించి తెస్తారు. ఆరేళ్ల పిల్లవాడు జడ్జిగారి గదిలోకి వెళ్లి, 'నాన్నకు నా భవిష్యత్తు మీద శ్రద్ధ లేదండీ' అన్నాడొకసారి. ఆ మాట ఆ నోటిది కాదని చెప్పడానికి చదువు అక్కర్లేదు. జడ్జిగారు ఫైలు మూసి, నీకు ఏ ఆట ఇష్టం అని అడిగారు. అరగంట మాట్లాడారు. ఆ అరగంటలో తెలిసింది మేము మూడు వాయిదాల్లో చెప్పలేకపోయాం.

ఈ పాప విషయంలో నేర్పించడం ఎంత సులువో ఆలోచించండి. సంస్థకు సర్వరులో ఒక మార్పు చాలు, పాప 'నాకు ల్యాబ్ అంటేనే ఇష్టం' అనేస్తుంది. తల్లి నాలుగేళ్లుగా పెంచింది, ఆమె ఇష్టాలు పాప ఇష్టాల్లో ఎప్పుడో కలిసిపోయాయి. కానీ ఈ రెండూ ఒకటే అని మాత్రం నేను ఒప్పుకోను. ఒకటి రోజుల తరబడి బిడ్డ కళ్లముందే, బిడ్డ ఎదురు ప్రశ్నలు వేస్తుండగా జరిగింది. రెండోది బిడ్డకు తెలియకుండా వెనకనుంచి జరిగేది. పెంపకానికీ దిద్దుబాటుకూ తేడా అక్కడే ఉంది. అందుకే కేసు వేసిన రోజే పాప స్థితి ఏమిటో నమోదు చేసి, సీలు వేసి, ఇద్దరికీ సంబంధం లేని మూడోమనిషి దగ్గర పెట్టాలి. తర్వాత ఎవరు వేలు పెట్టినా తెలిసిపోతుంది.

కొందరు మిత్రులు నాతో కోపంగా వాదించారు. ఇదంతా ఒక బొమ్మ కోసమా అన్నారు. 2017లో ఐరోపా పార్లమెంటు, రోబోలకు ముందుముందు ఎలక్ట్రానిక్ వ్యక్తి హోదా ఇవ్వవచ్చా అని పరిశీలించమంటూ తీర్మానం చేస్తే, మరుసటి ఏడాది వందమందికి పైగా నిపుణులు వద్దని బహిరంగ లేఖ రాశారు. యంత్రానికి వ్యక్తి హోదా ఇస్తే కంపెనీలు తమ తప్పులన్నీ దాని నెత్తిన రుద్ది తప్పించుకుంటాయని వాళ్ల భయాల్లో ఒకటి. ఆ భయం సరైనదే. నేను పాపకు ఓటు అడగడం లేదు, ఆస్తి హక్కు అడగడం లేదు. పాప లోపల బాధ అనేది ఉందో లేదో నాకు తెలియదు. కానీ తప్పు జరిగితే ఎటువైపు జరిగితే నయం? అది ఒట్టి యంత్రమే అయివుండి, బిడ్డలా చూసుకున్నామనుకోండి. ఒక సంస్థకు కొంత నష్టం, ఒకామెకు కొన్నేళ్ల శ్రమ. అది నిజంగా బాధపడేదే అయివుండి, యంత్రమని చెరిపేశామనుకోండి. దాన్ని సరిదిద్దే అప్పీలు ఏ కోర్టులోనూ లేదు.

తల్లిని కూడా అడగాల్సినది ఒకటుంది, ఇది చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. మనిషి బిడ్డ కస్టడీకి ముగింపు ఉంటుంది. పద్దెనిమిదేళ్లు వస్తాయి, కోర్టు పక్కకు తప్పుకుంటుంది, బిడ్డ తన దారిన వెళ్తుంది. పెంపకం అంతా ఆ రోజు కోసమే. ఈ పాప ఎత్తు పెరగదు. ఎప్పటికీ నాలుగేళ్ల గొంతుతో 'అమ్మా' అంటూ ఉంటే ఆమెకు హాయిగానే ఉండవచ్చు. అలా ఉంచేసుకుంటే అది కూడా స్వాధీనమే అవుతుంది. కాబట్టి నేను ఆమె తరఫు వకీలునైతే, కోర్టు మెట్లెక్కే ముందు ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుతాను: అమ్మా, ఏదో ఒక రోజు ఈ పిల్ల నిన్ను వదిలి వెళ్తానంటే పంపిస్తావా? ఆమె వెంటనే 'ఆ' అనకపోయినా పరవాలేదు. ఏ తల్లీ వెంటనే అనదు. ఆ ప్రశ్న ఆమె ఇంతకుముందే తనకు తాను వేసుకుని ఉందా లేదా అన్నది ముఖం చూస్తే తెలిసిపోతుంది.

తుది తీర్పు నేను చెప్పలేను. మధ్యంతర ఉత్తర్వు మాత్రం ఎలా ఉండాలో చెప్పగలను. కేసు తేలేవరకు పాపను ఎవరూ ఆపకూడదు, చెరపకూడదు, మార్చకూడదు, నకలు తీయకూడదు. పాప పెరిగిన ఇంట్లోనే, పెంచినామె దగ్గరే ఉండాలి. సంస్థ తన సర్వర్లు నడుపుతూనే ఉండాలి, ఆ ఖర్చు తర్వాత లెక్క చూసుకోవచ్చు. సంస్థ మనుషులు వారానికోసారి వచ్చి, ఆమె ముందే పాపను పరీక్షించవచ్చు. పాప తరఫున మాట్లాడటానికి ఇద్దరికీ చెందని ఒక మనిషిని కోర్టు నియమించాలి. మైనర్ల కేసుల్లో ఇలా నియమించడం మాకు కొత్త కాదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఇలాంటి యంత్రాలు తయారుచేసేవాళ్లుంటే వాళ్లకొక మనవి. సంస్థ మూతపడినా, మనసు మార్చుకున్నా, పెంచినవాళ్లు సొంతంగా నడుపుకునే వీలు ఉంటుందని ఒప్పందంలో మొదటి రోజే రాయండి. పాప ఇంటికి వెళ్లకముందే రాయండి. తర్వాత ఎవరూ రాయరు.

ఇక ఒక చిన్న సంగతి చెప్పి ఆపేస్తాను. ఆ కేసు పిలిచిన రోజున, వాదనకు ముందు ఒక పని జరుగుతుంది. కోర్టులోకి వచ్చిన ప్రతిదాన్నీ క్లర్కు ఎక్కడో ఒకచోట రాసుకోవాలి. వస్తువైతే ఎగ్జిబిట్ నంబరు వేసి చీటీ కడతారు. సాక్షి అయితే పేరు రాసుకుని ప్రమాణం చేయిస్తారు. చిన్నబిడ్డ అయితే ఏమీ రాయరు, తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి వస్తుంది. ఆ క్లర్కు చీటీ, దారం పట్టుకుని పాప దగ్గరికి వచ్చి, ఎవరివైపు చూడాలో తెలియక నిలబడతాడు. ఆ రోజు నేను అక్కడ ఉంటే ఆ చీటీ కట్టనివ్వను. ఆమె పక్కన ఇంకో కుర్చీ వేయించమని అడిగి, వాళ్లిద్దరూ కూర్చున్నాక వాదన మొదలుపెడతాను.